గోడమంచాల షాపు పెడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి మడిచే ఫర్నిచర్ షాపు పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గోడలోకి మడిచే మంచాలు, తలుపు వాల్చితే భోజనాల బల్లయ్యే అల్మరాలు అట. మన ఇంట్లో ఉలి పట్టినవాళ్లలో నేనే ఆఖరు అనుకున్నాను. నువ్వొస్తున్నావంటే ఎంత సంతోషమో, అంత టెన్షన్. అయినా ఈ మాట మీ నాన్న నోట వినాలా? నాకొక ఫోన్ చేయలేకపోయావా?

నువ్వు పంపిన హాంకాంగ్ ఇంటి వీడియో చూశాను. ఆర్కిటెక్ట్ గ్యారీ చాంగ్ చిన్నప్పుడు అమ్మానాన్నలతో, ముగ్గురు తోబుట్టువులతో ఇరుక్కుని పెరిగిన 344 చదరపు అడుగుల ఇల్లు. గోడల్ని పట్టాల మీద జరిపి 24 రకాల గదులు చేసుకున్నాడు. గొప్ప పనే. కానీ అది ఆయన తన కోసం చేసుకున్నది. ఏ గోడని ఎంత బలంగా లాగాలో ఆయన చేతికి తెలుసు. నువ్వు చేసేది పరాయివాళ్ల ఇంటికి. అక్కడ మోకాళ్ల నొప్పుల నాయనమ్మ ఉంటుంది, దేన్ని చూసినా ఎక్కే పిల్లాడుంటాడు. టేపు తీసే ముందే, ఆ మంచం రోజూ ఎవరు వాలుస్తారో అడుగు.

ప్లైవుడ్ దగ్గర కక్కుర్తి పడకు. పార్టికల్ బోర్డులో స్క్రూ ఒకసారి వదులైతే మళ్లీ సరిగా పట్టదు. మంచం వెనక స్విచ్‌బోర్డు పడకుండా చూసుకో. మడిచిన పరుపుకి గాలాడే సందు వదులు, మన కాకినాడ ఉక్కకి బూజు పట్టేస్తుంది.

ఇక గోడ. ఈ ఉత్తరం రాస్తున్నదే దాని కోసం.

హైదరాబాద్‌లో ఒకరింట్లో గోడమంచం ఊడిపోయిందని నన్ను పిలిపించారు. ఎవరో కాంట్రాక్టర్ బిగించింది. గోడ చూస్తే ఏఏసీ బ్లాకులది, అంటే తేలిక సిమెంటు ఇటుకలు, లోపలంతా గాలి బుడగలే. దానికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించాడు. మంచం వాల్చినప్పుడు బరువంతా ముందుకొచ్చి, మంచం మడిచే పెట్టె పైభాగం గోడ నుంచి విడిపోవాలని చూస్తుంది. రోజూ అదే లాగుడు. కొన్నాళ్లకి పైన గోడకీ పెట్టెకీ మధ్య సందు కనిపించిందట. పిలిస్తే ఆ కాంట్రాక్టర్ వచ్చి, సందులో లప్పం పెట్టి, రంగేసి వెళ్లాడు! నేను వెళ్లేసరికి స్క్రూలు ప్లగ్గులతో సహా నేల మీద ఉన్నాయి, ఒక్క మర అరగలేదు. కన్నంలో వేలు పెడితే ముగ్గుపిండిలా తెల్లటి పొడి రాలింది. పిల్లాడు రోజూ ఆ మంచం ముందే కూర్చుని హోంవర్క్ చేసేవాడట. ఆ పూట మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాడు. ఆ సంగతి చెబుతున్నంతసేపూ వాళ్లమ్మ పిల్లాడి భుజం మీద చెయ్యి తియ్యలేదు.

అందుకే చెబుతున్నాను, మంచం బరువు నేల మోయాలి. ఇనుప ఫ్రేము చేయించి నేల స్లాబుకి బోల్టు చెయ్యి. ముందుకు ఒరగకుండా పైన బీముకో పిల్లరుకో యాంకర్ బోల్టు వెయ్యి. రెండూ లేని బ్లాకు గోడైతే ఈవైపు నుంచి ఆవైపుకి బోల్టు దించి అవతల ఇనుప ప్లేటు పెట్టు. అవతలి గదిలో ప్లేటు కనిపిస్తే అసహ్యంగా ఉంటుందని ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే ఆర్డరు వదిలెయ్యి. నష్టపోయినా సరే.

మన పాతింట్లో భోషాణం గుర్తుందా? లోపల ఇత్తడి సామాను, పైన నీ పడక. మూత ఎత్తే ముందు మీ నాయనమ్మ నిన్ను ఆ మూలకి పంపి గాని చెయ్యి వేసేది కాదు. నువ్వేమో అలిగేదానివి.

మంచం ఎత్తడానికి సాయపడే గ్యాస్ పిస్టన్లు పరుపు బరువుని బట్టి ఎంచుకోవాలి. తర్వాత తేలిక పరుపు వేస్తే మంచం పైకి తన్నుకొస్తుంది, బరువైనది వేస్తే దబ్బున పడుతుంది. ఆ మాట బిల్లు మీదే రాసివ్వు. పిస్టన్ కొన్నేళ్లకి బలం తగ్గుతుంది, కాబట్టి పెట్టె మొత్తం పీకకుండా అదొక్కటే మార్చేలా చెయ్యి. టోక్యో నకాగిన్ టవర్ సంగతి కాలేజీ రోజుల్లో నువ్వే నాకు చెప్పావు కదా. 1972లో ఆర్కిటెక్ట్ కురొకావా దానికి 140 గదులు తగిలించి, పాతికేళ్లకోసారి మార్చుకోవచ్చన్నాడు. కింది గది తియ్యాలంటే పైవి కదపాలి. గదులు మార్చనే లేదు, 2022లో టవరే విప్పేశారు.

మొదటి మంచం బిగించే రోజు ముందుగా చెప్పు, బయల్దేరి వస్తాను. డ్రిల్లు నువ్వే పట్టుకో, గోడ నేను చూస్తాను. షాపు అడ్వాన్సుకి తక్కువైతే మొహమాటపడకుండా అడుగు. మీ పెద్దమ్మ ఇప్పటికే పక్కన పెట్టింది.

ఇట్లు,
మీ పెదనాన్న