తాబేలు బొమ్మలు మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

ఒడిశాలో ఋషికుల్య నది మొగ దగ్గరికొచ్చే ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్ల మీద వరసగా బొమ్మలు వేద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది. బరంపురంలో ఉంటూ ఎక్కడివో పగడపు దిబ్బల ఫొటోలు చూసి బొమ్మలు వేసే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటే. తాబేలును ఒంటరిగా వెయ్యకు. తెల్లకాగితం మధ్యన డిప్ప, తల, కాళ్లు వేస్తే అందంగానే ఉంటుంది, అది ఎలా బతుకుతుందో మాత్రం తెలియదు. మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి 1699లో దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి, అక్కడి పురుగుల బొమ్మలతో 1705లో పుస్తకం తెచ్చింది. గొంగళిపురుగు, దాని గూడు, సీతాకోకచిలుక, అది తినే మొక్క అన్నీ ఒకే బొమ్మలో ఉంటాయి. శాస్త్రజ్ఞులు కూడా ఆ బొమ్మలు చూసి నేర్చుకున్నారు.

నీ బొమ్మల్లో ఆ మొక్క చోటు ఇసుకది. తల్లి తాబేలు మూరెడు లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. ఆ తర్వాత సుమారు 45 నుంచి 60 రోజులు గుడ్లకు దిక్కు ఇసుకే. పుట్టేది ఆడదా మగదా అన్నది కూడా ఇసుక వేడే తేలుస్తుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువ పుడతాయి. రంగులతో పనిచేసేదానివి, నీకు ఇంతకన్నా ఏం కావాలి? గూళ్లకు దూరంగా, అదే ఒడ్డున ఇసుకలో థర్మామీటరు పెట్టి రోజూ రాసుకో. ఏ డిగ్రీకి ఏ రంగో నువ్వే పెట్టుకుని గొయ్యిని అడ్డంగా కోసినట్టు వెయ్యి. ఏ రంగుకు ఎంత వేడో బొమ్మ కింద తప్పక రాయాలి. రాయకపోతే చూసేవాళ్లకు అవి ఉత్త రంగులే.

రాత్రిపూట అటవీశాఖ వాళ్లను అడగకుండా వెళ్లకు. టార్చి, ఫోను ఫ్లాషు అసలు వద్దు. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి, దీపం కనబడితే సముద్రం వదిలి ఊరివైపు పోతాయి. చూసింది గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి వెయ్యి. చచ్చిన తాబేలు డిప్పయినా సరే, ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెగిన వలముక్కలు కావాలంటే ఏరుకో. తాబేళ్లు అలాంటి వలల్లో కూడా చిక్కి చస్తాయి కాబట్టి, వాటిని బొమ్మలోనే అతికించొచ్చు.

వేసినవి కాలేజీలో చూపించే ముందు గోపాలపూర్‌లో మన తెలుగు జాలర్లకు చూపించు. ముందుకాలు అలా తిరగదని వాళ్లంటే వాదించకు, సరిదిద్దు.

కొన్నేళ్లు తాబేళ్లు గుంపుగా రావు. దానికి టెన్షన్ పడకు. ఆ ఏడు ఒడ్డు ఎలా ఉందో వెయ్యి, తేదీ, గాలి, పోటు రాసిపెట్టు. పండక్కి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా. ముందు అది చూశాకే బొమ్మలు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ