గని తెరుస్తారట అని సైటు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో అండర్సన్‌పేట దాటాక ఏదో లేఔటు వేశారనీ, గనులు మళ్లీ తెరుస్తారు కాబట్టి ఏడాదిలో రేటు రెట్టింపవుతుందని బ్రోకరు చెప్పాడనీ ఫోన్లో అన్నావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కదా, అందుకే రాస్తున్నా. కొనొద్దని చెప్పడానికి కాదు. గని లెక్క వేరు, సైటు లెక్క వేరు. వాడు రెండూ కలిపి చెప్పాడు, నువ్వు విడదీసి చూడు.

ముందు గని సంగతి. ఎవరైనా కేజీఎఫ్‌లో ఇంకా బంగారం ఉందండీ అంటే అవునని తల ఊపేయ్. ఉంది. ఆ మాటలో అబద్ధం లేదు, పనికొచ్చే సమాచారమూ లేదు. టన్నుకెంత ఉంది, ఎంత లోతున ఉంది, తీయడానికి ఎవరి చేతిలో కాగితం ఉంది, ఇవి అడుగు. సగంమంది అక్కడే లేచి వెళ్లిపోతారు.

టన్నుకెంత అనేది నీకు కళ్లకు కట్టాలంటే రాయిలో బంగారం ఎంతుందో తేల్చే, నేను పనిచేసిన అస్సే రూముకి రావాలి. కింద నుంచి వచ్చిన రాయిని పిండిలా నూరి, అందులో సుమారు 30 గ్రాములు తూచి, సీసపు ఆక్సైడు, సోడా, బోరాక్స్ కలిపి మూసలో పెట్టి కొలిమిలోకి తోస్తాం. కరిగిన సీసం బంగారాన్ని పట్టుకుని అడుగుకి దిగుతుంది. ఆ సీసపు ముద్దను సుత్తితో కొట్టి చిట్టెం వదిలించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో మళ్లీ కొలిమిలో పెడితే, సీసాన్నంతా ఆ గిన్నె తాగేస్తుంది. చివర్లో ఒక్క క్షణం తళుక్కుమని పూస మిగులుతుంది. అందులో వెండిని నైట్రిక్ యాసిడ్‌తో తీసేశాక ఉన్నదే బంగారం. టన్నుకి 3 గ్రాముల రాయి అయితే ఆ మిగిలేది 0.09 మిల్లీగ్రాము. పట్టకారుతో ఎత్తేటప్పుడు తుమ్మొస్తే ఇక వెతకక్కర్లేదు. ఒక్క సవర, అంటే 8 గ్రాములు రావాలంటే అలాంటి రాయి దగ్గరదగ్గర మూడు టన్నులు పగలగొట్టాలి.

ఇంగ్లీషువాళ్ల తొలి రోజుల్లో ఇదే గనిలో టన్నుకి 40 గ్రాములు దాటిన రాయి దొరికింది. 1870ల్లో లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు సంస్థానం దగ్గర హక్కులు తీసుకున్నాడు, 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. మొదట వాళ్లకూ సున్నాయే. డబ్బంతా కరిగిపోయి, ఇక మూసేద్దామని వాటాదారులు అనుకునే దశలో ఛాంపియన్ అనే బంగారు రాతి పొర తగిలింది. ఆ తర్వాతే శివనసముద్రం నుంచి కరెంటు లాగారు, 1902లో. బేతమంగళం నుంచి నీళ్లు తెచ్చారు. ఆ వైభవం కథలు నీకు తెలిసినవే. నీ బ్రోకరుకి కూడా అవే తెలుసు, అదీ చిక్కు.

మంచి రాయంతా వాళ్లు తవ్వుకుని వెళ్లారు. ఆ వెనకే లోతు పెరుగుతూ పోయింది. ఛాంపియన్ రీఫ్ గని అడుగు 3 కిలోమీటర్లు దాటింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలకు పైన. గాలిని చల్లబరిచి కిందకు తోయాలి, నీళ్లు పైకి తోడాలి, రాక్ బర్స్ట్ వస్తే గోడ గోడంతా పేలి మీద పడుతుంది. మావాళ్లు దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. పైన ఇళ్లలో గిన్నెలు గలగలలాడితే ఆడవాళ్లు షాఫ్ట్ వైపు, అంటే గనిలోకి దిగే బావి వైపు పరిగెత్తేవాళ్లు. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1972లో కేంద్రం కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్, అంటే బీజీఎంఎల్ అయింది, 2001 ఫిబ్రవరి 28తో మూతపడింది. తీసే ఖర్చు అమ్మే ధరను ఎప్పుడో దాటేసింది కాబట్టి మూసేశారు, రాయిలో బంగారం అయిపోయి కాదు. ఇప్పుడు ధర ఎక్కడికో పోయింది, నిజమే. కానీ పంపులు ఆపాక షాఫ్టులు నీళ్లతో నిండిపోయాయి. ఆ నీళ్లు తోడి, పాత సొరంగాలు బాగుచేసి కిందకు దిగడమంటే కొత్త గని తవ్వినంత పని. నా మటుకు నాకు, నా జీవితకాలంలో మనుషుల్ని దింపే ఆ కేజ్ మళ్లీ కిందకు దిగుతుందని నమ్మకం లేదు.

మరి గనులు తెరుస్తారని పేపర్లో వచ్చింది? సరిగ్గా చదువు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నది సైనైడ్ దిబ్బల గురించి. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల పైచిలుకు, 3.3 కోట్ల టన్నుల మట్టి. అది మిల్లు నుంచి వచ్చిన పిప్పి. టన్నుకి ఒక గ్రాము కన్నా తక్కువే ఉంటుంది, కానీ ఇప్పటికే నూరిన మట్టి, నేల మీదే ఉంది, కిందకు దిగే పని లేదు. అందుకే అది జరగొచ్చని నాకూ అనిపిస్తుంది, జరిగితే మంచిదే. కానీ ఆ పని పైపులూ ట్యాంకులూ చేస్తాయి. ఒకప్పటిలా వేలమంది కూలీలు, వాళ్లకు వరస ఇళ్ల లైన్లు, ఇళ్ల అద్దెలు పెరగడం, అవన్నీ దానివల్ల రావు.

మంత్రివర్గం ఒప్పుకున్న రోజుకీ మొదటి లారీ కదిలే రోజుకీ మధ్య ఏళ్లు పడతాయి. మన కుప్పం పక్కన చిగురుగుంట–బిసానత్తం బంగారు గని చూడు, వేలంలో కేంద్రం గనుల కంపెనీ ఎన్‌ఎండీసీకి దక్కి ఎన్నేళ్లయిందో గుడుపల్లె వాళ్లనడుగు. తొలకరికి వజ్రాలు ఏరుకునే జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ బంగారం తవ్వడానికి దిగిందంటే అక్కడ రాయి పైపైనే ఉంది, గుంట తవ్వినట్టు తవ్వుకోవచ్చు. రాయచూరు వైపు హట్టి గని ఇప్పటికీ నడుస్తోంది, ఏడాదికి ఒకటిన్నర టన్నులు అటూఇటూ. కేజీఎఫ్ 120 ఏళ్లలో ఇచ్చింది 800 టన్నులు, మన దేశం ఒక్క ఏడాదిలో దిగుమతి చేసుకునేది ఇంచుమించు అంత. బంగారం కోసం ఆత్రపడేవాళ్లు మనకు ఎప్పుడూ తక్కువ కాదులే. 1880 ప్రాంతంలో వయనాడు కొండల్లో బంగారమని లండన్‌లో 30కి పైగా కంపెనీలు పుట్టి, షేర్లు అమ్ముకుని, రెండు మూడేళ్లలో కుప్పకూలాయి. అమ్మినవాళ్లు మాత్రం బాగానే ఉన్నారట.

ఇక సైటు. ఆ చుట్టుపక్కల 12,000 ఎకరాలదాకా బీజీఎంఎల్ పేరున ఉంది. లేఔటు సర్వే నంబరు అందులో ఉందేమో ముందు తేల్చుకో. ఈసీ 30 ఏళ్లకు తీయించు, పహాణీ నువ్వే తీసుకో, బ్రోకరిచ్చిన జిరాక్స్ నమ్మకు. కింద పాత సొరంగాలున్నాయా అన్నది గని మ్యాపు చూసినవాళ్లకే తెలుస్తుంది. నాతోపాటు పనిచేసిన సర్వేయరు ఒకాయన మారికుప్పంలో ఉన్నాడు, నేను మాట్లాడతాను. బోరు నీళ్లు తప్పకుండా పరీక్ష చేయించు.

వెళ్తే ఆషాఢంలో వెళ్లు. ఆ గాలికి దిబ్బల మీద దుమ్ము లేచి ఆరేసిన బట్టల మీద తెల్లగా పరుచుకుంటుంది. లేఔటులో ఒక గంట కూర్చుని కర్చీఫు చూసుకో, ఎటువైపు కొనకూడదో అదే చెప్తుంది.

ఇవన్నీ దాటాక కూడా సైటు నచ్చితే, బెంగళూరుకి రోజూ తెల్లారుజామున రైలెక్కే జనం ఆ ఊళ్లో వేలల్లో ఉన్నారు, వాళ్లు కొనే రేటే న్యాయమైన రేటు. గని పేరు చెప్పి దాని మీద అడిగే ప్రతి రూపాయినీ తీసేయించు. తగ్గకపోతే వదిలేయ్. అడ్వాన్సు మాత్రం నేను ఆ సర్వేయరుతో మాట్లాడేదాకా ఇవ్వకు. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో రాయి.

ఇట్లు,
మీ మామయ్య