రిజల్ట్ వచ్చేదాకా నీ ఒంటిని అడగకు

బాబూ,

హెచ్‌ఐవీ టెస్టుకు రక్తం ఇచ్చి వచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదని, అర్ధరాత్రి లేచి టార్చ్ వేసుకుని నాలుక చూసుకుంటున్నానని రాశావు. హెచ్‌ఐవీ టెస్టు చేసేచోట చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా కూర్చున్నవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను, విను. నీ ఒంటిని అడగడం మానెయ్.

హెచ్‌ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం ఉంటాయి. మామూలు వైరల్ జ్వరంలోనూ అవే ఉంటాయి. కొందరికైతే అసలు ఏమీ ఉండదు. ఇంక చూసుకుని ఏం తేలుస్తావు? పైగా టెన్షన్‌కే చెమటలు పడతాయి, విరేచనాలవుతాయి, ఆకలి చచ్చిపోతుంది. మెడ మీద రోజంతా వేలితో నొక్కి చూసుకుంటే అక్కడ నొప్పి పుట్టక ఏమవుతుంది!

జవాబు చెప్పేది టెస్టే. అది కూడా సరైన సమయంలో చేసినదే. ఏ టెస్టు చేశారో నువ్వు రాయలేదు, ముందు అది కనుక్కో. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు వైరస్ తాలూకు పీ24 అనే ప్రోటీన్‌నీ, వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలనూ రెండింటినీ వెతుకుతుంది. సోకితే సాధారణంగా 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే రాపిడ్ టెస్టులకు 23 నుంచి 90 రోజులు పట్టవచ్చు. ఈ గడువు లోపల నెగెటివ్ వస్తే గడువు దాటాక మళ్లీ ఒకసారి చేయించుకోవాలి. దాటాక వచ్చిన నెగెటివ్‌ను మాత్రం నమ్మాలి. చాలామంది తడబడేది ఇక్కడే. నమ్మలేక ల్యాబులు మారుస్తూ పోతారు. నీకూ అలాగే అనిపిస్తే ఇంకో ల్యాబ్‌కి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లు. అందులో నామోషీ ఏమీ లేదు.

టెస్టు పేరు, గడువు తేదీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఫోన్‌లో లక్షణాలు వెతకాలనిపించినప్పుడల్లా ఆ కాగితం తీసి చదువుకో. నమ్మకమైన మనిషి ఒక్కరికైనా విషయం చెప్పు. సోకిందేమోనని నువ్వు భయపడుతున్న ఆ సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే మాత్రం ఈ ఉత్తరం పక్కన పడేసి ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పో. వైరస్ సోకకుండా అడ్డుకునే మందులు 28 రోజులు ఇస్తారు.

పాపను ఎత్తుకోవడం మానేశానన్నావు. అది చదివి నాకు మనసు కలుక్కుమంది. ముద్దాడితే, ఒకే పళ్లెంలో తింటే, ఒకే బాత్రూమ్ వాడితే హెచ్‌ఐవీ రాదు. హాయిగా ఎత్తుకో. భార్యతో మాత్రం తేలేదాకా కండోమ్ తప్పనిసరి. రక్తదానం జోలికి పోకు.

పాజిటివ్ వస్తేనో అంటావు. మొదటి టెస్టుతోనే తేల్చేయరు, మరో పరీక్షతో నిర్ధారిస్తారు. అప్పటికీ ఉందని తేలితే వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులున్నాయి. త్వరగా మొదలుపెట్టి రోజూ మానకుండా వేసుకునేవాళ్లు దాదాపు అందరిలాగే నిండు జీవితం గడుపుతున్నారు. రక్తంలో వైరస్ టెస్టుకు దొరకనంతగా తగ్గి, అలాగే ఉంటే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు కూడా.

రిజల్ట్ తెచ్చుకునే రోజు నువ్వు విషయం చెప్పిన ఆ ఒక్కరినీ వెంటబెట్టుకుని వెళ్లు. రిపోర్టు బయట నిలబడి చింపి చూసుకోకు, లోపల కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని తెరువు. అడగాల్సినవి ముందే రాసుకో, ఆ కుర్చీలో కూర్చున్నాక ఎంతటివాళ్లకైనా మాట తట్టదు.