అమెరికాలో ఇల్లు, గుంటూరులో స్థలం: ఒకే వీలునామా చాలా?

నాన్నగారికి డల్లాస్‌లో ఇల్లు, గుంటూరులో స్థలం ఉన్నాయి, రెండింటికీ కలిపి ఒకే వీలునామా రాయిస్తే సరిపోతుందా అని అడిగారు. చట్టం ఒప్పుకుంటుంది. నన్నడిగితే మాత్రం ఏ దేశంలో ఆస్తికి ఆ దేశంలో వేరుగా రాయించండి, రెండోది రాయించేటప్పుడు ప్రతి వాక్యం చదివించుకుని మరీ సంతకం పెట్టించండి. మా బాబాయి ఇంట్లో కొంప ముంచింది ఒక్క వాక్యమే.

బాబాయి టెక్సాస్‌లో స్థిరపడ్డారు. అక్కడి ఇంటికీ బ్యాంకు డబ్బుకీ అక్కడే విల్లు రాశారు, అందులో మా నానమ్మకి కూడా కొంత సొమ్ము పెట్టారు. తరువాత సెలవుల్లో వచ్చినప్పుడు గుంటూరు స్థలం కోసం ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఇంకో వీలునామా రాయించారు. ఆయన తన కంప్యూటర్‌లో ఉన్న పాత నమూనాలో పేర్లు, సర్వే నంబరు, హద్దులు మార్చి ప్రింటు తీసిచ్చాడు. చివర్లో 'ఇంతకు పూర్వం నేను వ్రాసిన వీలునామాలన్నియు రద్దు చేయడమైనది' అని ఉంది. అందరి వీలునామాల్లోనూ ఉండే మాటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయి పోయాక పిన్ని రెండూ తీసుకెళ్లి అక్కడి లాయరుకి చూపించింది. గుంటూరు కాగితం టెక్సాస్ విల్లుని కొట్టేసినట్టే, ఆయన ఉద్దేశం అది కాదని వాదించొచ్చు గానీ ఖర్చూ కాలమూ తడిసి మోపెడవుతాయి అన్నాడట. విల్లు లేదంటే అక్కడ వారసులెవరో కోర్టే తేల్చాలి. తెలియని వారసులు ఎక్కడైనా ఉన్నారేమోనని వాళ్ల తరఫున కోర్టే ఒక లాయరుని వేస్తుంది, ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులు వచ్చి ఈయనకు ఇంకో పెళ్లి అయిందా, వేరే పిల్లలున్నారా అన్నవాటికి ప్రమాణం చేసి చెప్పాలి. సంవత్సరీకమైనా కాకముందే నా మొగుడికి ఇంకో సంసారం లేదని పరాయివాళ్ల చేత చెప్పించుకోవాల్సి వచ్చిందిరా అని పిన్ని ఫోన్లో ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు.

నానమ్మ సంగతి ఇంకా అన్యాయం. మన హిందూ వారసత్వ చట్టంలో కొడుకు వీలునామా లేకుండా పోతే భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. టెక్సాస్‌లో భార్యాపిల్లలు ఉంటే తల్లికి పైసా రాదు. ఇల్లు ఎక్కడుంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది. పిన్ని మనసున్న మనిషి కాబట్టి తన చేత్తో ఇచ్చింది, అందరి ఇళ్లలో అలా జరగదు.

అందుకే ఇక్కడి వీలునామాలో ఆ రద్దు మాట ఉంచాలనుకుంటే 'భారతదేశంలోని నా ఆస్తులకు సంబంధించినంత వరకు మాత్రమే' అని చేర్చమనండి. విదేశంలో రాసిన విల్లు దీనివల్ల రద్దు కాదని కూడా విడిగా ఒక వాక్యం రాయించండి.

జీపీఏ (మన తరఫున ఆస్తి పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) ఉందిగా, ఏం టెన్షన్ లేదు అనే చుట్టాలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ల మాట వినకండి. ఇచ్చిన మనిషి పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే. పేర్లు కూడా చూసుకోండి. బాబాయికి అమెరికా కాగితాల్లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది, ఇక్కడి దస్తావేజులో ముందు ఒక్క పొడి అక్షరం. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు పట్టుకుని నేనే ఆఫీసుల చుట్టూ తిరిగాను. మీ నాన్నగారు ఉండగానే ఆ రెండు పేర్లూ తనవేనని వీలునామాలోనే రాయించేయండి.