హోమ్‌స్కూలింగ్ కోసం ఉద్యోగం మానేస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. పాపకు 9 ఏళ్లు, నాలుగో తరగతి. బాబు ఒకటో తరగతి. వారం వారం టెస్టులు, రాత్రి తొమ్మిదింటి దాకా హోంవర్కులతో పాప నలిగిపోతోంది. వచ్చే ఏడాది నుంచి ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పుకోవాలని ఉంది. నేను అకౌంటెంట్‌ని, చేతికి 38,000 వస్తుంది. మావారికి 72,000. ఇంటి లోన్ ఈఎంఐ 21,000, ఇంటి ఖర్చు 34,000, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి) 10,000, నా ఆఫీసు రాకపోకలకు 4,000. స్కూలు, వ్యాను, పుస్తకాలు, ట్యూషన్ కలిపి ఏడాదికి 2,16,000. నెలకు 15,000 చీటీ ఉంది, మొత్తం 20 నెలలు, ఇంకా 9 వాయిదాలు కట్టాలి, పాడుకోలేదు. ఎఫ్‌డీ 4 లక్షలు. ఫీజులు మిగులుతాయి కదా, ఉద్యోగం మానేసినా సరిపోతుందా?

జవాబు: ఫీజులు మిగిలే మాట నిజమే, కానీ అది సగం లెక్కే. ఫీజులవి నెలకు 18,000, రాకపోకలవి 4,000, మొత్తం 22,000 మిగులుతుంది. పోయేది 38,000. దానికి ఇంటి చదువు ఖర్చు కలపాలి. పాఠ్యపుస్తకాలకు పెద్దగా కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం, కథల పుస్తకాలకు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులున్నాయి. ఉండవల్లి, కొండపల్లి, అమరావతి మ్యూజియం చూపించడానికీ పెద్దగా ఖర్చు కాదు. డబ్బు పోయేది హిందీ టీచరుకు, సంగీతానికో ఈతకో, ఇంటర్నెట్‌కు, ప్రింటర్ ఇంకుకు. పిల్లలు పగలంతా ఇంట్లో ఉంటే కరెంటు బిల్లూ పెరుగుతుంది. ఇద్దరికీ కలిపి 7,000 వేసుకోండి. అంటే నెలకు 23,000 లోటు.

ఇప్పుడు ఇద్దరి జీతాల్లో అన్ని ఖర్చులూ పోగా మీకు మిగులుతున్నదీ సరిగ్గా 23,000. చీటీ కడుతున్నది అందులోంచే. ఉద్యోగం మానేసిన నెల నుంచి మిగులు సున్నా. పైగా ఒక్క జీతం మీద నడిచే ఇంటికి మీవారి టర్మ్ ఇన్సూరెన్స్ పెంచాలి. ఆఫీసు హెల్త్ పాలసీ మీద ఆధారపడుతుంటే సొంతది తీసుకోవాలి. ఈ రెంటికీ నెలకు ఒక 3,500 అనుకుంటే లోటులో పడతారు. హెల్త్ పాలసీ మాత్రం ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్ల దాకా ఉండొచ్చు.

అలాగని వద్దనడం లేదు. పాప పరిస్థితి చదివాక వద్దనాలనిపించలేదు కూడా. చీటీ పూర్తయ్యేదాకా, అంటే ఆ 9 నెలలూ ఆగండి. కమిషన్ పోగా దాదాపు 3 లక్షలు చేతికొస్తాయి. ఎఫ్‌డీ 4 లక్షలను అత్యవసర నిధిగా ఉంచండి, అది మీ ఇంటికి సుమారు ఆరు నెలల ఖర్చు. చీటీ డబ్బును మాత్రం ముట్టుకోవద్దు. ఏడాది తర్వాత పిల్లలే స్కూలుకు వెళ్తామంటే అడ్మిషన్ ఫీజుతో సహా అదే ఆదుకుంటుంది. ఈ డబ్బు పక్కన లేకుండా హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టిన ఇళ్లలో పిల్లలకు కుదరకపోయినా వెనక్కి రాలేక లాగుతుంటారు. నాకు భయం అక్కడే.

ఈలోగా మూడు నెలలు మీవారి 72,000తోనే ఇల్లు నడిపి చూడండి. మీ జీతంలోంచి స్కూలు ఫీజు, చీటీ, మీ రాకపోకలు మాత్రమే. ఇంటి ఖర్చు 30,000కు దిగుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది. దిగకపోతే, మీ చేతిలో ఉన్న పనే దారి. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో, ఆటోనగర్‌లో ఫుల్‌టైమ్ అకౌంటెంట్‌ను పెట్టుకోలేని చిన్న వ్యాపారులు చాలామంది. ఇద్దరు ముగ్గురికి పుస్తకాలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేస్తే నెలకు 8,000–10,000 వస్తుంది. పూర్తిగా మానేయడం కంటే ఇదే నాకు నచ్చిన దారి. ఏడెనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే చేతిలో పని మరిచిపోకుండా ఉంటుంది.

చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదే అంటుంది, హోమ్‌స్కూలింగ్ గురించి విడిగా ఏమీ చెప్పదు. అందుకే టీసీ, స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తగా తీసి పెట్టుకోండి. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఉంది, 14 ఏళ్లు నిండితే రాయొచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. రేపు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ కోటాకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, బడికి వెళ్లని ఏళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.

అమ్మ చెప్పే చదువు ఉచితం కాదు. దాని ఖరీదు మీ జీతం, మీ పీఎఫ్. అందుకే పీఎఫ్ తీసేయకండి, ఐదేళ్ల సర్వీసు నిండకపోతే పన్ను కూడా పడుతుంది. మీ పేరున పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు) ఖాతా తెరిచి, నెలకు వెయ్యో రెండు వేలో మీవారు వేసేలా ఇప్పుడే మాట్లాడుకోండి. పిల్లల సిప్‌లు ఆపొద్దు, ఇంటి చదువు తర్వాతా కాలేజీ ఫీజు కాలేజీ ఫీజే.

ఒక్కటి మాత్రం 9 నెలలు ఆగకూడదు. పాపకు సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా లేకపోతే పదేళ్లు నిండేలోపే పోస్టాఫీసులో తెరవండి. 250 రూపాయలతో మొదలుపెట్టొచ్చు. పదో పుట్టినరోజు దాటితే తెరవనివ్వరు.