గ్రావెల్ సైకిల్ ఫ్రేమ్: టైరుకు చోటు, హ్యాండ్లింగ్

కంకర, మట్టి దారుల్లో తొక్కే గ్రావెల్ సైకిల్‌కు ఫ్రేమ్ ఎంచుకునేటప్పుడు ముందుగా ఏం చూడాలని అడిగితే, టైరుకు ఉన్న చోటు చూడమంటాను. బరువు సంగతి తరువాత. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) వెనుక, చైన్‌స్టేల (అక్కడి నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా వెళ్లే రెండు గొట్టాల) మధ్య భాగం తరచుగా అన్నిటికన్నా ఇరుకుగా ఉంటుంది. 40 మి.మీ. అని రాసి ఉన్న టైరు వెడల్పాటి రిమ్ముపై 42 దాకా ఉబ్బవచ్చు కాబట్టి, గాలి నింపాక కొలిచి, ఇరువైపులా కనీసం 5 మి.మీ. ఖాళీ మిగిలేలా చూసుకోవాలి. లేకపోతే తడిసిన నల్లరేగడి మట్టి పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది.

హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు, ఫోర్క్ దూరే గొట్టం) నేలతో చేసే కోణం 72 డిగ్రీల దగ్గర ఉంటే సైకిల్ సాధారణంగా చురుగ్గా తిరుగుతుంది, 70కి తగ్గితే కంకర దిగుడులో నిలకడగా సాగుతుంది. అయితే ఫోర్క్ ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే అక్షానికి ముందు చక్రం ఇరుసు ఎంత ముందుకు ఉందో ఆ దూరం) పెరిగిన కొద్దీ ట్రెయిల్ (ఆ అక్షం గీత నేలను తాకే చోటికి టైరు ఎంత వెనుక నేలను తాకుతుందో ఆ దూరం) తగ్గి ఆ నిలకడ కొంత పోతుంది గనుక, కోణం ఒక్కటే చూసి తేల్చకూడదు.