ఆర్థర్ రాజు కథల్లోని కార్న్‌వాల్ డచీ (డ్యూక్ అనే ప్రభువు ఏలే ప్రాంతం) నిజంగా ఉండేదా?
లేదు, ఆర్థర్ కాలంగా చెప్పే 5, 6 శతాబ్దాల్లో కార్న్‌వాల్ డచీ అనేదే లేదు, దాని డ్యూక్ గొర్లోయిస్ బతికిన మనిషే అనడానికి ఆధారమూ లేదు. ఆ కథని 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత రాశాడు, పాత కాలం గురించి రాస్తూ తన కాలంలోని ప్రభువులు, కోటలు, సామంతుల గొడవలే అందులో పెట్టేశాడు. ఆర్థర్ కాలంలో బ్రిటన్ నైరుతి కొసన నిజంగా ఉన్నది డుమ్నోనియా, అంటే బ్రిటన్లు అనే అక్కడి పాత జాతి వాళ్ల రాజ్యం, ఇప్పటి డెవన్, కార్న్‌వాల్ రెండూ అందులోవే.

ఉదాహరణకి కార్న్‌వాల్‌లోని టింటాజెల్ అనే చోటు. గొర్లోయిస్ భార్య ఇగ్రెయిన్‌ని దాచిన కోట, ఆర్థర్ కడుపున పడ్డ చోటు అదేనని కథ. తవ్వకాల్లో మధ్యధరా తీరం నుంచి వచ్చిన 5, 6 శతాబ్దాల కుండపెంకులు బోలెడు దొరికాయి కాబట్టి అక్కడ ఎవరో గొప్పవాళ్లు ఉండేవారన్నది నిజమే (నాకైతే కథ కంటే ఇదే ఆసక్తిగా ఉంటుంది). కానీ ఇప్పుడు కనిపించే శిథిలాలు గొర్లోయిస్ కోటవని చాలామంది పొరబడతారు. ఆ కోటని 1230లలో కార్న్‌వాల్ ఎర్ల్ (ప్రభువు) రిచర్డ్ కట్టించాడు, అంటే కథ పుట్టిన సుమారు వందేళ్లకి. ఇప్పటికీ ఉన్న అసలు డచీ అయితే ఇంకా తర్వాత, 1337లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ తన కొడుకు కోసం ఏర్పాటు చేసింది.